గోరువెచ్చన

కాశీబుగ్గలో జీడిబట్టీ వెనక
పొట్టు బస్తాల సందులో ఈనింది నల్లది.
ఆరు పిల్లలు. కళ్ళు తెరిచి వారమైంది.
తెరిచిన దగ్గర్నుంచీ గోక్కోవడమే పని.
తాగుతూ తాగుతూ పాలు వదిలేసి
వెనక్కాలితో చెవి కింద ఒకటే బరుకుడు,
తూలి పడి, లేచి, మళ్ళీ బరుకుడు.

పొట్ట కింద బొచ్చు రాలి
ఉడికిన రొయ్య రంగు తేలింది చర్మం.
దులిపితే మిరియాల పొడిలా ఏదో నలుసు.
తడిగుడ్డ మీద వేసి నొక్కింది అమ్మ,
ఎర్రగా పాకింది.
"మట్టి కాదే అమ్మీ, నెత్తురు.
పిడుదులైతే అంటుకునుంటాయి. ఇయ్యి గెంతుతన్నాయి, పేలు."

బట్టీలో తలా ఒక మాట.
కిరసనాయిలు రాసీమంది సుభద్రత్త.
పురుగులపొడి సల్లీమన్నాడు బాయిలరు దానేసు.
జీడినూనె ఒక్క బొట్టు చాలన్నాడు మేస్త్రీ.
అమ్మ తన రెండు చేతులూ
అతని మొహం ముందు చాపింది.
ఇంకెవరూ సలహా చెప్పలేదు.

పశువులాసుపత్రి కాంపౌండరు సీసా ఇవ్వనన్నాడు.
"నెల నిండని గుంటలకి మందేటి, పేల కంటే ముందు అయ్యే పోతాయి.
సబ్బునీళ్ళు, పేలదువ్వెన, అంతే.
తల్లిని తీసుకురా, తూకం సూసి మాత్ర ఇత్తాను.
సిగుళ్ళు తెల్లబడితే మాత్రం
రాత్రయినా సరే, తలుపు కొట్టు."

ఆదివారం నన్ను పీట మీద కూర్చోబెట్టి
"నీ సేతులియ్యి" అంది అమ్మ.
తనవి వీపు వెనక కట్టుకుంది.
ఆముదం రాసి, బూడిద పెట్టి, ముమ్మారు తోమినా
జీడిసొన ఏ గీతలో దాక్కుందో
ఎవరికి తెలుసు?

నీళ్ళకి గోరువెచ్చన అని పేరు పెట్టినవాళ్ళు
మా అమ్మ గోళ్ళు చూసుండరు.
పదకొండేళ్ళుగా వాటికి సెగ తెలీదు.
ఆ వేళ్ళని రేషను మిషనూ గుర్తుపట్టదు.
వంగి, మోచెయ్యి ముంచింది బేసిన్లో.
కాసేపు ఆగి, "సాలు" అంది.
నాకు లాలపోసిన రోజుల్లోనూ ఇంతేనట.

మొదట మెడ చుట్టూ నురగ, దండలాగా.
లేకపోతే తడి తగలగానే
పేలన్నీ కళ్ళ వైపు పరిగెడతాయి.
తర్వాత దువ్వెన. పళ్ళకి చిక్కింది చిక్కినట్టే
సబ్బునీళ్ళ చెంబులోకి.
నలభై రెండు దాకా లెక్కపెట్టి మానేశాను.

అయిదోది, చెవి మీద తెల్లమచ్చది,
ఏడవలేదు, పెనుగులాడలేదు.
దోసిట్లో ఉందో లేదో అన్నట్టుంది.
పెదవి ఎత్తి చూశాను.
"ఏ రంగు?"
"ఎరుపే."
"మళ్ళీ సూడు."
రెండోసారి చూసి, గులాబీ అన్నాను.
దాన్ని నా పాత లంగాలో చుట్టి
పొయ్యికి దగ్గరగా, మరీ దగ్గరగా కాకుండా,
జరిపించి జరిపించి పెట్టించింది.

గోనెలు మరిగించాం. ఎండేశాం.
"గుడ్లుంటాయి, రేపూ దువ్వాల, ఎల్లుండీ దువ్వాల."
నల్లది అన్నీ నాకి చూసి
సబ్బు వాసనకి తుమ్మింది.

సాయంత్రం తెల్లమచ్చది తప్పటడుగులేసుకుంటూ
అమ్మ ఒళ్ళోకి ఎక్కేసింది.
అమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది,
పోలీసుని చూసినట్టు.
అది ఒక్కసారి గోక్కుని, మర్చిపోయి, నిద్రపోయింది.

చేతులు గాల్లో ఉంచే
చాలాసేపు కదలకుండా కూర్చుంది అమ్మ.
తర్వాత మెల్లగా, అది లేవకుండా,
"ఒలే, నా ముక్కు కాస్త గోకే" అంది.