రెండు నొక్కండి

పార్టీ ఆఫీసు నుంచి ఫోనొస్తాదన్నారు.
ఓటు పెట్టె లేదు, సిరా చుక్క లేదు.
మూడు పేర్లు చదువుతాదట ఒక ఆడగొంతు,
టికెట్టు ఎవరికిమ్మంటారో నొక్కమంటాదట.
ఒకటి, కాంట్రాక్టరు.
మూడు, విశాఖ నుంచి దిగే ఎవరో ఆయన.
రెండు, మా పైల దమయంతి.

కాశీబుగ్గలో నాది నాలుగడుగుల రీచార్జి కొట్టు.
ఊరి నంబర్లన్నీ నా పుస్తకంలోనే:
ఎవరి బ్యాలెన్సు ఎప్పుడు అయిపోతుందో,
ఎవరు పది రూపాయలే వేయిస్తారో.
ఆ పుస్తకం ఆమె చేతికిచ్చిన రాత్రి
నాకు నిద్ర పట్టలేదు.

ఇరవై రెండు రోజులు తిరిగాం కూర్మినాయుడి ఆటోలో.
జీడి ఫ్యాక్టరీల ముందు ఆడవాళ్లు చేతులు చాపారు.
జీడి నూనె తినేసిన వేళ్లు,
రేషను మిషను గుర్తుపట్టని వేళ్లు.
"ఈ ఏళ్లతో నొక్కితే పడతాదా బాబూ?" అంది దాలెమ్మ.
బొత్తాల ఫోనుకి ముద్రలక్కర్లేదని
నొక్కించి చూపించాను.
కీక్ మంది.
పదిమందీ నవ్వారు.
గెలిచేశామనుకున్నాను.

ఉద్దానంలో సిగ్నలు లేదు.
డయాలసిస్ నుంచి అప్పుడే వచ్చిన దండాసి
సూదులు పడే చేతికి తువ్వాలు చుట్టుకుని
రెండో చేత్తో ఫోను ఎత్తి పట్టి
తుఫానుకి పడిన కొబ్బరి మొద్దు ఎక్కాడు.
"ఒక గీత వొచ్చింది. ఇప్పుడు సెయ్యమను" అన్నాడు.
ఎవర్ని చెయ్యమనను?

దమయంతికి మాట్లాడటం రాదు.
మైకిస్తే దగ్గు ముందొచ్చేది.
ఆస్పత్రి బస్సు కోసం కలెక్టరాఫీసు మెట్ల మీద
మూడు రోజులు కూర్చున్న సంగతి మేం ఎత్తితే
"అదిప్పుడెందుకురా" అనేది.
ఒక్కోసారి ఆమె మీదే కోపమొచ్చేది.
అవతల కాంట్రాక్టరు బిర్యానీ పొట్లాల్లో
'ఒకటి' అని చీటీలు పెట్టి పంపాడు.
మేమూ తిన్నాం. అబద్ధమెందుకు, బాగుంది.

ఫోన్లు మంగళవారం వచ్చాయి,
మధ్యాహ్నం పన్నెండున్నరకి.
డ్రమ్ములు తిరుగుతున్నాయి, గింజలు పేలుతున్నాయి.
గోడకి వేలాడే సంచుల్లో, అన్నం కేరేజీల పక్కన
మోగి మోగి ఊరుకున్నాయి.
ఎత్తినవాళ్లలో కొందరు
ఆ గొంతు నమస్కారం అనగానే
నమస్కారమమ్మా, బాగున్నావా, అనేలోపు
కట్టయిపోయింది.

ఆదివారం రాత్రి కాంట్రాక్టరు ఇంటివైపు బాణసంచా.
మాకు ఫలితం చెప్పింది ఆ చప్పుడే.
దమయంతి అరుగు మీద ఎనిమిది మందిమి.
టీ పెట్టింది. గ్లాసులు చాలక
తను బియ్యం కొలిచే డబ్బాతో తాగింది.
"రేపట్నుంచి ఆయనకే పని సెయ్యాల. పార్టీ కదా."
చేశాను.
మా పోస్టర్లకి కలిపిన మైదా జిగురు
బకెట్టు అడుగున ఇంకా ఉంది,
దాంతోనే అంటించాను ఆయన ముఖం.

ఏళ్లయింది.
రీచార్జికి ఎవరూ రారిప్పుడు, ఫోను కవర్లమ్ముతున్నాను.
దమయంతి గురువారాలు
ఇప్పటికీ ఆస్పత్రి బస్సు దగ్గరే ఉంటుంది.
దండాసి నంబరు మోగుతుంది గానీ
ఎవరో కొత్త గొంతు, రాంగ్ నంబరంటుంది.
మొన్న దాలెమ్మ కవరు కొనడానికొచ్చి
గొప్పగా చెప్పింది:
"ఆ రోజు నాకొచ్చింది బాబూ ఫోను.
రెండు నొక్కమన్నావు గదా,
మొదటి బొత్తామే రెండు నొక్కులు నొక్కీసినాను."
మంచి పని చేశావన్నాను.
కవరుకి డబ్బులు తీసుకోలేదు.

బ్యాంకు నుంచి ఫోనొస్తే
తెలుగు కోసం ఒకటి నొక్కమంటుంది ఒక ఆడగొంతు.
నా వేలు రెండు మీదకే పోతుంది.
హిందీలో ఏదేదో చెబుతుంది.
అర్థం కాదు.
కాసేపు వింటాను.