గడ్డ కట్టకూడనిది

ముందు చీమలకి తెలిసింది.
బాత్రూం గట్టు మీద అర్ధరాత్రి బారులు తీరి
నా రహస్యాన్ని మోసుకుపోతుంటే
అమ్మ గమేక్సిన్ పొడి చల్లింది.
తర్వాత బెల్టుకి తెలిసింది,
మూడు కన్నాలు లోపలికి.
తర్వాత మంచినీళ్ల బిందెకి.
నాకే అందరికన్నా ఆఖర్న,
కేజీహెచ్ మెట్ల మీద కూలబడ్డ రోజున.

"పేరు?"
"మైలపల్లి తాతారావు."
"వయసు?"
"ఇరవై మూడు."
నర్సమ్మ పెన్ను ఆపి మళ్లీ అడిగింది.
పేరులోనే తాత గానీ
షుగరంటే నాకు తెలిసింది
బీచ్ రోడ్డులో పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే
తెల్లబూట్ల పెద్దమనుషుల జబ్బని.

"నువ్వు తిన్నదాని వల్ల కాదు,
లోపల చిన్న కార్ఖానా మూతపడింది," అన్నాడు డాక్టరు.
మావయ్య పనిచేసిన జూట్ మిల్లు గుర్తొచ్చింది.
గేటుకి తాళం,
లోపల యంత్రాలు ఎక్కడివక్కడే.
పాతికేళ్లు తిరిగిన మిల్లుకి తాళమేస్తేనే
ఊరంతా ధర్నా చేశారు.
నాదానికి నోటీసైనా అంటించలేదు.

"మందు చల్లగా ఉంచాలి" అన్నప్పుడు
ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది.
ఫిషింగ్ హార్బర్‌లో
ఐసుదిమ్మలు మర పట్టి బోట్ల కడుపుల్లో పోసేవాణ్ణి.
"చల్లదనానికేం కొదవ సార్, ఐసులోనే బతుకుతాను."
"ఐసులో పెట్టకు, గడ్డకడితే చచ్చిపోతుంది.
ఎండలో పెట్టకు, ఉడికినా చచ్చిపోతుంది."
రాత్రికి టన్నులు మోసే భుజాలు.
ఇంత సుకుమారాన్ని
ఎప్పుడూ మోసి ఎరగవు.

అమ్మ దాని పేరు పలకదు.
"అది ఏసుకున్నావా?" అంటుంది గుమ్మంలో నిలబడి, అటు తిరిగి.
"ఎవులికీ చెప్పకురా, రేపు పిల్లనిస్తారేటి?"
చెప్పకుండానే వీధంతా వైద్యులయ్యారు.
ఒకరు కాకరరసం, ఒకరు నేరేడుగింజల పొడి.
పెద్దమ్మ మాత్రం మాడుగుల హల్వా పొట్లం విప్పి
"ఒక్క ముక్కకి ఏటీ అవదు" అంది.
నెయ్యి మరక కాగితం దాటి చాప మీదికి పాకేదాకా
చూస్తూ కూర్చున్నాను.

ఓ వేకువ, మూడు దాటాక,
బోట్లు తిరిగొచ్చే వేళ, చేతిలో పార వణికింది.
ఐసు మధ్య నిలబడి చెమటలు.
డాల్ఫిన్ నోస్ మీది దీపం రెండయింది,
నాలుగయింది.
"తాగొచ్చావేట్రా" అని మీదికొచ్చిన లోవరాజు
మొహం చూసి ఆగాడు.
టీకొట్టుకి పరిగెట్టి
పంచదార డబ్బా డబ్బానే ఎత్తుకొచ్చి
గుప్పెడు నా నోట్లో కుక్కాడు.
నెల్లాళ్లుగా శత్రువనుకున్నది
నాలిక మీద కరుగుతూ
నన్ను రెక్కపట్టి వెనక్కి లాక్కొచ్చింది.
పొలుసుల మధ్య చతికిలబడి ఏడ్చాను.
భయానికి కాదు.
రుచికి.

ఇప్పుడు లోవరాజు జేబులో కూడా
బీడీకట్ట పక్కన నాలుగు చాక్లెట్లుంటాయి.
వాటికి కాపలా కాయడం వాడి వల్ల కాదు,
రెండు వాడే తినేస్తాడు.

ఇంట్లో ఫ్రిజ్ లేదు.
కొన్నాళ్లు ఎర్రాజు కొట్లో
కూల్‌డ్రింకుల వరసలో నా సీసా నిలబడింది,
కులం తక్కువ చుట్టంలా ఓ మూల.
అతను పదింటికి షట్టర్ దించేస్తాడు.
నా ఆకలి హార్బర్ టైంలో నడుస్తుంది.
చివరికి నర్సమ్మ చెప్పినట్టు
కుండలో కుండ పెట్టి, నడుమ తడి ఇసక.
ఇంటిముందు ఇంత సముద్రం పరుచుకున్నా
ఉప్పిసక పనికిరాదని
అమ్మ గోస్తనీ ఏట్లోంచి గోనెతో తెప్పించింది.
పేరు పలకని మనిషే
రెండు పూటలా దానికి నీళ్లు పోస్తుంది.

నిన్న పక్కింటి గౌరి కూతురు
కుండలోకి తొంగి చూసి అడిగింది,
"ఇందులో ఏటి పాతావు మామ్మా?
ఎప్పుడు మొలుస్తాది?"
చెంబు చేతిలోనే ఉంచుకుని
అమ్మ నా వైపు చూసింది.
చొక్కా ఎత్తి, పొట్ట మీద
మొన్నటి చుక్కకి రెండువేళ్లవతల
చోటు వెతుక్కుంటున్నాను నేను.

"సూద్దాం ఉండే," అంది అమ్మ.