కొండనాలుక

మొదటి రోజే హైమవతి మేడం
బోర్డు మీద మనిషి తలను నిలువునా కోసి చూపించింది.
సుద్దముక్కతో ముక్కు, అంగిలి, నాలుక,
అన్నిటికీ వెనక వేలాడే చిన్న బొట్టు.
"దీన్నేమంటారు మీ ఊళ్ళో?"
కొండనాలుక, అన్నాం ముగ్గురం ఒకేసారి.
"ఫ్రెంచి వాళ్ళ ర పుట్టేది ఇక్కడే."
యానాం మనిషి. ఆమె ర అంటే
గొంతులో ఎవరో కంకర మీద నడిచినట్టుంటుంది.

కాకుటూరులో హైవే పక్కన మా క్లాసు.
లారీ పోయినప్పుడల్లా ఒక అచ్చు ఎగిరిపోతుంది.
నాలుకని ఈ అనమంది, పెదవుల్ని ఊ అనమంది.
రెండూ ఒప్పుకుంటే
ఆ భాషలో నువ్వు అనే మాట వస్తుందట.
శనివారం బస్సులో పొదిలి దాకా సాధన చేశాను.
పక్క సీటు పెద్దాయన కాస్త జరిగి
"చింతకాయ తిన్నావా పాపా?" అన్నాడు.

ముక్కుతో పలికే అచ్చులకు వారం పట్టింది.
బోఁ అంటే మంచిది. పేఁ అంటే రొట్టె.
వాఁ అంటే గాలి.
"మీకూ ఉండేవి ఇవి, పోగొట్టుకున్నారు.
గుర్తుగా అరసున్న మిగిలితే
అదీ బరువని ఎత్తేశారు" అంది మేడం.
ఇంటికెళ్తే మా అవ్వ గడపలో కూచుని
"వాండ్లు ఇంకా రాలా" అంటోంది.
ఎవరు పోగొట్టుకున్నదీ?
అవ్వ నోట్లో అది అర కూడా కాదు, నిండు సున్న,
వక్కాకు పక్కన పదిలంగా.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
మా నాయిన పాతికేళ్ళు రాయి కోశాడు.
ఎవరెవరి పిల్లలో అ ఆ లు దిద్దిన నలుపు
ఆయన ఊపిరితిత్తుల్లో తెల్లగా ఉందని
ఒంగోలు డాక్టరు ఫిల్మును వెలుతురుకెత్తి చూపాడు.

"నీ ర బాగా పలుకుతోందే, ఎక్కడ పట్టావ్?"
నవ్వి ఊరుకున్నాను.
తెల్లారుజామున దొడ్లో
రాతిపొడిని పైకి లాగే ఆ చప్పుడు
చిన్నప్పట్నించీ వింటున్నానని ఏం చెప్పను.

సెమిస్టర్ చివర, ఇంట్లో ఒకరి గొంతు రికార్డు చేసి తెమ్మన్నారు.
జంట మాటలు ఇరవై.
కంఠం మీద వేళ్ళు పెట్టుకుంటే
జంటలో రెండోదానికి లోపల తుమ్మెద ఆడాలి.
ఫారం నింపాను: వక్త పేరు ఏసుపాదం,
వయసు నలభై తొమ్మిది, మాతృభాష తెలుగు.
గొంతు పోయి రెండేళ్ళయిందని రాయడానికి గడి లేదు.

ఫ్యానాపి, తలుపేసి, ఫోను చాప మీద పెట్టాను.
ఫోటోకి కూచున్నట్టు
గుండీలన్నీ పెట్టుకుని కూచున్నాడు.
కాలి, గాలి అని రాసుంది.
కాలి, అన్నాడు. కాలి, అన్నాడు.
పడి. పడి.
కడప. కడప.
బయట్నించి అవ్వ:
"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట,
ఏం చదువే అది, మనిషిని అలవగొట్టి."
చివర్న నా పేరు చెప్పమన్నాను.
లిస్టులో లేదు.
తీవెనా, అన్నాడు.

ల్యాబు తెర మీద ఆయన మాటల అడుగున
నాదం ఉండాల్సిన చోట ఖాళీ.
"వేరే వక్తను చూడు" అని మేడం పెన్సిల్‌తో రాసి,
కాసేపుండి రబ్బరుతో తుడిచింది.
తుడిచిన చోట కాగితం గరుకు లేచింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విన్నాను.
గాలికి ముందు ఆయన ఆగాడు.
కాలికి ఆగలేదు.
బడికి ఆగాడు. గడపకి ఆగాడు.
నా పేరుకి అన్నిటికంటే ఎక్కువ.
ఆ ఆగడాలన్నీ ఒక్కొక్కటే కొలిచాను,
సెకనులో ఎన్నో వంతో.
పట్టికలో వాటికి వరస లేదు.
మార్జిన్లో రాసి ఇచ్చాను.