అతుకు

లియెపాయా రేడియోలో నా పని
వార్తలు చదివేవాళ్ల ఊపిరులు కత్తిరించడం.
దగ్గు, గుటక, కాగితం తిప్పిన చప్పుడు
అన్నీ నా బల్ల కిందే రాలిపోతాయి.

అందుకే చెల్లెలు ఎల్వితా
సంగీత విద్యాలయానికి పంపాల్సిన రికార్డింగు
నా చేతిలో పెట్టింది.

ఆదివారం.
గునుస్తుందని హీటర్ ఆపేశాం.
ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాం.
పైవాటా ముసలాయన గున్‌టిస్‌ని
రెండు గంటలు చెప్పులు విడిచి నడవమని బతిమాలాం.
ట్రాము వెళ్లేదాకా ఆగి, మళ్లీ ఆగి,
చలికి బిగుసుకున్న ఇత్తడి హార్న్‌ని
ఆమె ఒళ్లో పెట్టుకుని
గొట్టంలోకి ఊదుతూ వెచ్చబరిచింది.

నాలుగోసారి మొదలు బంగారం.
ఆరోసారి అంతా బాగుంది,
ఆ పై స్వరం దగ్గర తప్ప.
అక్కడ హార్న్
గొంతు మారే కుర్రాడిలా జీరపోయింది.
పదకొండోసారికి పెదవులు వాచి
గ్లాసు అంచు తగిలినా ఉలిక్కిపడింది.

తను పడుకున్నాక నేను కూర్చున్నాను.
నాలుగులోంచి మొదలు, ఆరులోంచి నడుమ,
తొమ్మిదిలోంచి ఆ ఒక్క స్వరం.
బియ్యంలో రాళ్లు ఏరినంత పని.
తెల్లారేసరికి అతుకెక్కడో
నాకే దొరకలేదు.
ఫ్రిజ్ సంగతి మరిచాం, పాలు విరిగాయి.

ఎల్వితా కళ్లు మూసుకుని వింది.
"బాగా వాయించింది. ఎవరూ?" అంది.
మళ్లీ పెట్టమంది. ఒకచోట వేలెత్తి ఆపింది.
"ఇక్కణ్ణుంచి ఇక్కడికి
ఊపిరి తీసుకోకుండా ఎలా వచ్చానన్నా?"

నా దగ్గర జవాబు లేదు. కత్తెరుంది.

"రేపు వాళ్లు నన్ను నిలబెట్టి
ఇదే వాయించమంటే
నా వెనక నువ్వొచ్చి నిలబడతావా?"

కోప్పడలేదు.
గడువుకి ఇంకా పన్నెండు రోజులు.
రోజూ అయిదింటికి, మ్యూట్ బిగించి,
పళ్లైనా తోముకోకుండా
ఆ నాలుగు స్వరాలే.
నిద్రలో లేపినా రావాలని
స్కైద్రీతె టీచరు మాట.
దుప్పటి కింద విని విని
స్వరం తప్పబోయే ముందు
ఆమె ఊపిరి ఎలా తడబడుతుందో
నాకు తెలిసిపోయింది.
ఇన్నేళ్లూ నేను పారేసింది అదే.

పన్నెండో రోజు ఒక్కసారే వాయించింది.
పై స్వరం కొంచెం వణికి, నిలబడింది.
చివర్లో ట్రాము గంట దూరింది.
అలాగే పంపేసింది.

ఫలితం ఇంకా రాలేదు.
నిన్న రాత్రి వార్తల్లో
మునిగిన పడవ కబురుకి ముందు
చదివేవాడి ఊపిరి ఒకటి
కత్తిరించకుండా వదిలేశాను.
ఎవరూ ఫోన్ చేయలేదు.