గుంతకల్లులో సముద్రం

నాలుగు దినాలకొకసారి నీళ్లొచ్చే వీధిలో
లోకోషెడ్డు ఉసేనప్ప, మా అన్న,
సముద్రాన్ని సాకుతున్నాడు.

బిందెడు తాగేనీళ్లకు ఇంత ఉప్పు.
గాజుగొట్టం మరీ పైకి తేలితే ఇంకో చెంబు.
పప్పులో ఉప్పు మాత్రం చూసుకోడు, అంటుంది వదిన.

చెన్నై బండిలో ఐసుపెట్టె ఎక్కొచ్చిన రొయ్యను
గోరంత తుంచి, పట్టకారుతో
చుక్కచేప చేయి కింద పెడతాడు.
అది నోటికి తెచ్చుకోదు.
కడుపునే బయటికి పంపుతుంది.
ఆకలిని అంత బాహాటంగా
మా ఇంట్లో ఎవరమూ చూపించలేదు.

కరెంటు పోయిన రాత్రి
గ్లాసుతో ముంచి పోస్తా
తెల్లార్లూ కూర్చున్నాడు.

పాతనీళ్లు మార్చిన దినం
వాకిట్లో పారబోస్తే
ఎండకు తెల్లగా పొరకట్టింది.
షేకమ్మ వాళ్ల మేక వచ్చి నాకి,
తలెత్తి
చానాసేపు తూర్పుకు చూసింది.