తోడు

రోస్టాక్‌లో ఫిబ్రవరి. వార్నో నది మీద మంచు పెచ్చులు
పడవల అంచుల్ని గీరే చప్పుడు
నాలుగో అంతస్తు ల్యాబ్ దాకా వస్తోంది.
షేకర్ ముందుకి స్టూలు లాక్కుని కూర్చుంది వీబ్కె.

నిరుడు ఇదే ఫ్లాస్కులో టోలుయీన్.
మనకి వాసనకే తలనొప్పి;
బాక్టీరియాకైతే ఒంటి పొర చిరిగి
లోపలిదంతా బయటికి కారిపోయేది.
నోట్‌బుక్కులో వారాల తరబడి ఒకటే మాట:
మళ్ళీ చచ్చాయి.

ఇప్పుడు ఉప్పు.
నీళ్ళు కలపకుండానే నీరైన ఉప్పు.
ఆవిరై పోదు, ముక్కుకి తెలీదు,
సీసా వంచితే తేనెలా ఆలోచించి గాని కదలదు.
ధనమూ ఋణమూ ఒకే ఇంట్లో ఉండి
వరసగా సర్దుకోలేక
స్ఫటికం కాలేకపోయిన కాపురం.

అడుగున అది. పైన నీళ్ళు. నీళ్ళలో బాక్టీరియా.
కీటోనంతా తన కొట్లో దాచి
చిటికెడు చిటికెడు పైకి పంపుతుంది;
అవి దాన్ని ఆల్కహాలుగా మార్చి ఇస్తే
మళ్ళీ తన కొట్లోకే తీసుకుంటుంది.
అన్నీ కుడిచేతి అణువులే,
ఎడమచేతివి నూటికి ఒక్కటైనా లేవు.
వీబ్కెది ఎడమచేతి వాటం.
ఆ మాట అన్నప్పుడల్లా నవ్వుతుంది.

ఇవి కెఫిర్‌లో పుట్టిన జాతి.
పక్క బల్ల ఐమెలెక్ చెప్పింది:
కాకసస్ కొండల్లో వాళ్ళ నాయనమ్మ
తోలుసంచిలో పాలుపోసి, తోడేసి
గుమ్మానికి వేలాడదీసేదట.
వచ్చేపోయే ప్రతివాళ్ళూ ఓ తన్ను తన్నాల్సిందే.
వీబ్కె షేకర్ వంక చూసింది:
నిమిషానికి రెండువందల తన్నులు.
(పాలలో వేసేదాన్నీ పక్కన ఉండేవాళ్ళనీ
ఒకే మాటతో పిలుస్తాం మనం.
ఆమెకి రెండు మాటలు కావాలి.)

అన్ని ఉప్పులూ మంచివి కావు.
తోక పొడుగైన ఒకటి, మంగళవారం,
సబ్బులా పొరల్ని కోసేసింది.
ఇంకోటి తడి తగిలి
గాజుని తినే ఆమ్లం కక్కింది.
"పచ్చని ద్రావకం" అని పోస్టరు రాసిన హెన్నింగ్‌ని పిలిచి
గరుకెక్కిన ఫ్లాస్కు చేతిలో పెట్టింది.
ఏమీ అనలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి
పని ముగిసిన కణాల్లోంచి ఒక్క చుక్క తీసి
అగర్ మీద గీసి, వెచ్చని పెట్టెలో ఉంచి ఇంటికెళ్ళింది.

మూడో పొద్దున మూత ఎత్తితే
సన్నటి పుల్లని వాసన.
తెల్లగా, ఆవగింజల్లో సగం.
ఉప్పు తిన్నవే.

నోట్‌బుక్కు తెరిచి తేదీ వేసింది.
ఆ పాత మాటకి ఎదురుమాట ఎప్పుడూ రాసి ఉండలేదు.
కలం పక్కన పెట్టి
ఎడమచేత్తో ఒక్కొక్కటే చూపిస్తూ
లెక్కపెట్టడం మొదలుపెట్టింది.