పిల్లికి బిచ్చం

బల్లారట్‌లో జూలై. కారు అద్దం మీద ఊపిరి కూడా గడ్డకట్టే చలి.
పశువుల డాక్టరు కాగితం మీద రెండు చిక్కుడు గింజలు గీసి
ఇవి దాని మూత్రపిండాలు అనుకో, అంది.
పనిచేసే మేరకు పెన్నుతో నింపుతానని
ఒకదాన్ని పావు వంతు నింపింది.
రెండోదాని దగ్గరికి వెళ్ళకుండానే పెన్ను మూసేసింది.

పదిహేడేళ్ళ పిల్లి నా ఒళ్ళో
ఇదంతా ఇంకెవరి గురించో అయినట్టు
చెవి గోక్కుంటోంది.

ఫాస్ఫరస్ తక్కువ. ఉప్పు తక్కువ.
చిరుతిండి రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు.
తల ఊపాను. ఇలాంటి చీటీలు నాకు కొత్త కాదు.
వృద్ధుల ఆశ్రమం వంటగదిలో
ఉప్పు వేయకుండా ఉన్నందుకే నాకు జీతం.

ఇంటికొచ్చి అల్మారా తెరిస్తే
పోపుల డబ్బా మొహం తిప్పుకుంది.
ఉల్లిపాయ విషమట. వెల్లుల్లి అంతకన్నా.
ఆ రెండూ లేకుండా మా ఇంట్లో పుట్టేది
పాయసం ఒక్కటే.
పోనీ పాలు?
పిల్లికీ పాలకీ సామెతలు ఏనాడో పెళ్ళి చేసేశాయి గానీ,
అది కళ్ళు మూసుకుని తాగిన మర్నాడు
కార్పెట్ మీద నేను కళ్ళు తెరుచుకుని తుడిచాను.

సూపర్‌మార్కెట్‌లో ఏడో వరస.
పొట్లాల మీద పిల్లులన్నీ రెండేళ్ళవే, అన్నీ నవ్వుతున్నాయి.
ఉప్పునీళ్ళలో ట్యూనా. పొగబెట్టిన సాల్మన్.
"సహజమైన రుచులు" అని రాసి
ఏ సహజమో రాయని ఎర్ర డబ్బా.
కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, చిన్న అక్షరాలు చదివి
ఒక్కొక్కటీ తిరిగి పెట్టేస్తుంటే
సరుకు సర్దే కుర్రాడు అడిగాడు, ఏం కావాలండీ?
ఏమీ కలపనిది, అన్నాను.
పాపం, చాలాసేపు వెతికాడు.

నిజానికి పిల్లి నాది కాదు.
పద్నాలుగో గదిలో కీత్ ట్రెంబాత్‌ది.
ఆశ్రమంలో ఆయన్ని చేర్చుకున్నారు, దాన్ని చేర్చుకోలేదు.
పేరు మార్జొరీ.
మార్జాలానికి ఇంతకన్నా దగ్గరి పేరు లేదని
ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం ట్రే తీయడానికి వెళ్తే
కాగితం రుమాలు మడత నా గుప్పిట్లో పెడతాడు.
లోపల, తన పళ్ళెంలోంచి దాచిన చీజ్ ముక్క.
"దానికి. చీజంటే ప్రాణం పెడుతుంది."
ఒక్కసారి చెప్పి చూశాను, ఉప్పు పడదట, అని.
"పదిహేనేళ్ళు పెట్టానే" అన్నాడు.
తర్వాత తన చేతులకేసి చూసుకున్నాడు,
అటు తిప్పి, ఇటు తిప్పి.
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

పిల్లికి బిచ్చం పెట్టడని
మా వైపు పిసినారిని తిడతారు.
ఇక్కడ నాకు అదే మందుచీటీ.

సాయంత్రం కారులో, హీటర్ వేడెక్కేలోపు
ఆ ముక్క నేనే తింటాను.
నాకు చీజ్ ఇష్టం లేదు, సబ్బు కొరికినట్టుంటుంది.
పారేయొచ్చు కదా.
పారేయలేను.

రాత్రి కోడి రొమ్ముముక్క, ఉత్త నీళ్ళలో.
ముసలి ముక్కుకి వాసన అందాలంటే గోరువెచ్చగా ఉండాలి.
దారాల్లా చీల్చి
మూడంటే మూడే పీచులు సాసర్‌లో పెడతాను.
మిగతాది చూస్తే నాకే కక్కుర్తి పుడుతుంది,
ఇంకొక్కటి పెడదామా అని.
పెట్టను. మూత పెట్టేస్తాను.

మార్జొరీ లేచి, నడుము విరుచుకుని వస్తుంది.
సాసర్ దాటిపోతుంది.
రెండుసార్లు సబ్బుతో కడిగిన నా చూపుడు వేలు
వాసన చూస్తుంది,
చూసి, నాకడం మొదలుపెడుతుంది,
గరుకుగా, ఓపిగ్గా, గోటి సందులో దాకా.
తర్వాతే కోడి.

తిందా? అని అడుగుతాడు రేపు.
తింది.
ఏం చేసింది?
ముందు నా వేలు నాకిందండీ, అంటాను.
అందులో అబద్ధం ఎంతో
కొలిచే చెంచా నా వంటగదిలో లేదు.